‘ఙ’ అక్షరానికి పని దొరికింది

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు తెలుగు వ్యాకరణం మీద విరుచుకుపడ్డారు. సంధులు, సమాసాలు, కాలాలు అన్నీ పిల్లలకు మార్కుల కోసం తప్ప ఎందుకూ కొరగావనీ, ఊరు దాటితే తెలుగే పనికిరానప్పుడు దాని వ్యాకరణం ఎవరికి కావాలనీ ఆయన వాదన. అందులో సగం ఒప్పుకుంటాను. కందుకూరు చుట్టుపక్కల బళ్ళలో 36 ఏళ్ళు పాఠాలు చెప్పాను. భూతకాలం వచ్చినప్పుడు నేను కూడా ‘జరిగిపోయిన పనిని తెలుపునది’ అని బోర్డు మీద రాసి, ఐదుసార్లు చదివించి, తర్వాతి పాఠానికి పోయినదాన్నే. మిగతా సగానికి మాత్రం నా దగ్గర జవాబుంది. నాకు తెలుగు వ్యాకరణం దక్షిణాఫ్రికాలో పనికొచ్చింది. అదీ జులూ భాష నేర్చుకోవడానికి. లేఖ పొడుగైంది. కత్తిరించుకోండి కానీ ఉదాహరణలు మాత్రం ఉంచండి.

మా అబ్బాయిది డర్బన్‌లో ఉద్యోగం. కోడలు కూడా పనికి వెళ్తుంది. నిరుడు వాళ్ళకు పాప పుట్టాక ఐదు నెలలు అక్కడే ఉన్నాను. పగలంతా ఇంట్లో ముగ్గురమే. నేను, పాప, పాపను చూసుకోవడానికి వచ్చే ఒక పెద్దావిడ. ఆమెను అందరూ గోగో అంటారు. జులూలో అమ్మమ్మను, నానమ్మను పిలిచే మాట అది. ఆమె నన్ను ‘మామా’ అని పిలిచేది. అక్కడ మామ అంటే అమ్మ. మొదటి రోజు ఆ పిలుపు వినగానే ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూశాను. ఆమెకు ఇంగ్లీషు పనికి సరిపడా వచ్చు, నాకు అంతకన్నా తక్కువ. రోజుకు తొమ్మిది గంటలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటూ ఎంతకాలం కూర్చుంటాం? జులూ నేర్చుకుందామని నేనే అనుకున్నాను. ఆ దేశంలో ఇంట్లో ఎక్కువమంది మాట్లాడే భాష అదే. 2022 జనాభా లెక్కల్లో 24.4 శాతం అని తేలింది.

అబ్బాయి ఒక పుస్తకం కొనిచ్చాడు. ఇంగ్లీషులో రాసింది. అందులో మొదటి ఇబ్బంది ‘నేను’ దగ్గరే వచ్చింది. జులూలో ‘నేను’ విడిగా ఉండక్కర్లేదు, క్రియకు ముందు అతుక్కుని ఉంటుంది. ఆ శబ్దాన్ని ఎలా పలకాలో ఇంగ్లీషులో మూడు వరుసలు రాశారు. నాకు మూడు వరుసలు అక్కర్లేదు. అది ‘ఙ్గి’. క ఖ గ ఘ ఙ. 36 ఏళ్ళు పిల్లల చేత ఙ దిద్దించాను కానీ దానితో మొదలయ్యే మాట ఒక్కటి చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని. పాపం, ఆ అక్షరానికి ఇన్నాళ్ళకు పని దొరికింది. అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో టీ పక్కన హెచ్ ఉంటే అది ఇంగ్లీషు వాళ్ళ శబ్దం కాదనీ, గాలి వదులుతూ పలకాలనీ పుస్తకం హెచ్చరించింది. మనకు అది థ. డర్బన్‌ను జులూలో ఎథెక్వీని అంటారు, అందులోని థ. తెలుగులో రాసుకుంటే ఇంత గొడవ లేదని ఆ రోజే 200 పేజీల నోట్‌బుక్ తెప్పించుకున్నాను. నాలుకతో టక్కున కొట్టే శబ్దాలకు మాత్రం మనకు అక్షరాల్లేవు. అయితే నోటికి అవి కొత్త కాదు. అయ్యో పాపం అనడానికి బదులు నాలుక పళ్ళకు తగిలించి ‘చ్చ్’ అంటామే, అదొకటి. మా నాన్న గిత్తలను అదిలించేటప్పుడు బుగ్గ పక్క నుంచి తీసే శబ్దం ఇంకొకటి.

ఇక భూతకాలం. ‘వెళ్ళు’ అనేదానికి హంబ. ‘వెళ్ళాను’ అంటే ఙ్గిహంబీలె. ముందు ఙ్గి, మధ్యలో పని, చివర ఈలె. మనకు మనిషి గుర్తు తోకలో ఉంటుంది, వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు అని. వాళ్ళకు తలలో ఉంటుంది. ఇంతే కదా అనుకున్నాను. పుస్తకం అక్కడ మొదలుపెట్టింది, ఇది ఇంగ్లీషులో ‘హ్యావ్’ పెట్టి చెప్పే భూతకాలం కావచ్చు, పెట్టకుండా చెప్పేదీ కావచ్చు, సందర్భాన్ని బట్టి చూసుకోమని. అబ్బాయి ఫోన్లో వీ వన్, వీ టూ, వీ త్రీ అంటూ వివరించబోయాడు. వాడి చదువప్పుడు నేను పడ్డ టెన్షన్ అంతా తిరిగి వచ్చింది. పుస్తకం మూసేసి గోగో దగ్గరే కూర్చున్నాను.

ఆమె రోజూ రాగానే అడిగే మాట, ‘ఉద్లీలె?’ తిన్నావా అని. ఎంత హాయిగా ఉందో చూడండి, మన ఊళ్ళో గుమ్మంలోకి వచ్చినవాళ్ళు అడిగేదే. జవాబు చెప్పడానికి మాత్రం నాకు వారం పట్టింది. మొదటి రోజు పుస్తకంలో చూసినట్టు ‘అఙ్గిద్లంగ’ అన్నాను, తినలేదు అని. ఆమె మొహం మారిపోయింది. కొడుకు ఇంట్లో ఈవిడకు తిండి పెట్టలేదా అన్నట్టు చూసి, పాపను నాకిచ్చి, రొట్టె తీసి వెన్న రాయడం మొదలుపెట్టింది. నేను చెప్పదలచుకున్నది ‘ఇంకా తినలేదు’. దానికి ‘అఙ్గికద్లి’ అనాలట. మనం విడిగా పెట్టే ‘ఇంకా’ను వాళ్ళు క్రియ కడుపులో దాచేశారు. మూడోది ఇంకా బాగుంటుంది, ‘సెఙ్గిద్లీలె’. ఇంగ్లీషులో ‘ఆల్రెడీ’ పెట్టి చెప్పాలట. మనకు అదీ అక్కర్లేదు. తిన్నాను వేరు, తినేశాను వేరు. ‘అన్నం పెట్టమంటావా?’ అంటే ‘తినేశాను’ అంటాం చూడండి, ఆ ‘ఏశాను’ తూకమే ఆ ‘సె’. ఇది నాకు పుస్తకం చెప్పలేదు. ఆమె పళ్ళెం జరిపి చెయ్యి ఊపిన తీరు చూసి అర్థం చేసుకున్నాను.

తెలుగు నన్ను తప్పుదోవ పట్టించిన చోటు కూడా చెప్పాలి. వాక్యం క్రియతో ముగిస్తేనే చివర ఈలె. దాని తర్వాత ఇంకో మాట వస్తే ఈలె తరిగి, తోకలో చిన్న ‘ఎ’ మిగులుతుంది. ఉత్త ‘తిన్నాను’ అంటే ఙ్గిద్లీలె. ‘రొట్టె తిన్నాను’ అంటే ఙ్గిద్లె ఇసింక్వ. ఇసింక్వ అంటే రొట్టె. వాళ్ళ వాక్యంలో రొట్టె క్రియకు తర్వాత వస్తుంది. మనకు క్రియ ఎప్పుడూ చివరే. కాబట్టి నా నాలుక ప్రతిసారీ వాక్యం అయిపోయిందనుకుని ఈలె అనేసి, ఆ తర్వాత రొట్టె గుర్తొచ్చి తగిలించేది. ఒకసారి విసుగొచ్చి తెలుగు వరుసలోనే ‘ఇసింక్వ ఙ్గిద్లీలె’ అన్నాను. గోగో కాదనలేదు, మధ్యలో ఒక ‘సి’ దూర్చింది, ‘ఇసింక్వ ఙ్గిసిద్లీలె’. రొట్టెనా, దాన్ని తినేశాను అన్నట్టు. ఆ ‘సి’ రొట్టెకు గుర్తు. అప్పట్నుంచి నాకు ఎంత ధైర్యమొచ్చిందంటే, అనుమానం వచ్చిన చోటల్లా వస్తువును ముందు పెట్టి మాట్లాడటమే. ఆమె నవ్వుకునేది కానీ అర్థమయ్యేది.

అసలు సంగతి రెండో నెలలో జరిగింది. మధ్యాహ్నం పూట గోగో పాపను తువ్వాలుతో వీపుకు కట్టుకుని వంటింట్లో అటూ ఇటూ తిరుగుతోంది. నేను లాలి పాడుతున్నాను. మన ‘లాలి’ ఆమెకు వాళ్ళ ‘లాల’ లాగే వినబడుతుంది. జులూలో లాల అంటే నిద్రపో. నేను పాడేది జులూ పాటేననుకుని మొదట్లో సంబరపడింది కూడా. కాసేపటికి పాప తల ఒక పక్కకు వాలింది. సరిగ్గా అప్పుడే అబ్బాయి ఫోన్ చేశాడు. ‘పాప ఏం చేస్తోందమ్మా?’ గోగో వేలు పెదవులకు ఆనించి నాతో ‘ఉలేలె’ అంది. నేను ఫోన్లో ‘పడుకుంది’ అన్నాను.

అని, ఒక్క నిమిషం ఆగిపోయాను. ఉలేలె పుస్తకంలో భూతకాలం కింద ఉంది. లాల చివర ఈలె చేరితే అది లాలీలె కాకుండా లేలె అవుతుందనీ, అర్థం మాత్రం వర్తమానమనీ, ఇలాంటివి మినహాయింపులనీ, బట్టీ పట్టమనీ ఉంది. మరి నేనన్న ‘పడుకుంది’ ఏ కాలం? భూతకాలమే. కానీ పాప ఇప్పుడు పడుకునే ఉంది కదా. మా అబ్బాయి ‘ఎప్పుడు?’ అని అడగలేదు. అడగాలని వాడికి తోచదు కూడా.

ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాను. ఉహ్లేజి, కూర్చున్నాడు. ఊమి, నిలబడ్డాడు. ‘నాన్న ఏడి?’ అంటే ‘వరండాలో కూర్చున్నాడు’ అంటాం, ఇప్పుడు కూర్చునే ఉన్నాడని అర్థం. ఉఫేథె, పట్టుకున్నాడు. చేతిలో ఉంది అని. ఉబెలేథె, బిడ్డను వీపున కట్టుకుంది. బట్ట వేసుకోవడానికి కూడా అంతే. ‘ఆవిడేం చీర కట్టుకుంది?’ ‘ఎర్ర చీర కట్టుకుంది.’ కట్టుకోవడం పొద్దున ఏడింటికి అయిపోయింది, చీర ఇంకా ఒంటి మీద ఉంది. పని అయిపోయింది, దాని ఫలం నిలిచి ఉంది. ఈ రెండింటినీ ఒకే మాటలో చెప్పడం మనకు పుట్టుకతో వచ్చిందే. ఇంగ్లీషుకు రాదు కాబట్టి ఇంగ్లీషు పుస్తకానికి అది మినహాయింపు. తెలుగువాడు పుస్తకం రాస్తే అదే మొదటి పాఠం అయ్యుండేది. మా నెల్లూరు వైపు ‘పడుకోనుండాడు’ అనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకు ఇంకా తేలిక. ఙ్గిఖథేలె, అలిసిపోయాను. ఇది కూడా మనలాగే. ఒక్క ఆకలి దగ్గర బోల్తాపడ్డాను. మనం ఆకలేస్తోంది అంటాం కాబట్టి ‘ఙ్గియలంబ’ అన్నాను, వర్తమానంలో. అలా అంటే ఆకలి ఇంకా దారిలో ఉన్నట్టట. ‘ఙ్గిలంబీలె’ అనాలి. ఆకలిగొన్నాను అని పాత పుస్తకాల తెలుగులో అనుకుంటే సరిపోతుందని తర్వాత తోచింది.

ఇంతవరకూ చెప్పింది దగ్గరి గతం. ఇందాక, పొద్దున, ఇజోలో అంటే నిన్న, కుథాంగి అంటే మొన్న. జులూలో దూరపు గతానికి వేరే రూపం ఉంది. అందులో ఈలె ఉండదు. మార్పు తలలో వస్తుంది. ఙ్గి కాస్తా ఙ్గా అవుతుంది. ఙ్గాహంబ, వెళ్ళాను, ఎప్పుడో. సాహంబ, వెళ్ళాం. వాహంబ, వెళ్ళావు, లేదా వెళ్ళాడు. బాహంబ, వాళ్ళు వెళ్ళారు. ఇన్ని రోజులు దాటితే దూరం అని గీత గీసి లేదు, చెప్పేవాళ్ళ మనసుకు అది ఎంత దూరమో అంతే. ఇక్కడ తెలుగు లిపి చేసిన మేలు చూడండి. జులూను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, దీర్ఘానికి గుర్తు ఉండదు. ‘నడిచి వెళ్తారు’ అన్నా ‘అప్పట్లో నడిచి వెళ్ళారు’ అన్నా జులూలో ఆ ‘వెళ్ళు’ మాట కాగితం మీద ఒకేలా ఉంటుంది. నా నోట్‌బుక్‌లో ఒకటి బహంబ, ఇంకొకటి బాహంబ. ఒక్క దీర్ఘంతో తేలిపోయింది. గోగోకు నేను రాసింది చదివి వినిపిస్తే, ఈ జిలేబీల్లో నా భాష ఎక్కడుందని వేలితో తడిమి చూసింది.

మావారు తెలుగు పండితులు, భాషాప్రవీణ చదివారు. సంస్కృతంలో గతానికి మూడు ఇళ్ళున్నాయని చెప్పేవారు. ఇవాళ్టిది కాని గతానికి లఙ్, మనం కళ్ళారా చూడని గతానికి లిట్, ఇవాళ్టిదాన్ని కూడా కలుపుకుని పోయే గతానికి లుఙ్. అక్కడా ఙ ఉంది, నాకు అప్పుడు పట్టలేదు. వంట చేసుకుంటూ ఊ కొట్టేదాన్ని. నిన్నటికీ ఏనాటికో మధ్య క్రియలోనే తేడా చూపించే భాష ఉంటుందంటే డర్బన్‌లో నాకు వింతగా అనిపించకపోవడానికి కారణం ఆ ఊ కొట్టడమే.

గోగో ఒకరోజు ‘వాజలెల్వఫి?’ అంది. ఎక్కడ పుట్టావు అని. పుట్టుక ఎలాగూ దూరపు గతమే, అందుకే ‘వా’. ‘ఙ్గాజలెల్వ ఎనెల్లూరు’ అన్నాను గర్వంగా. పక్కనున్న అబ్బాయి, ‘అదేంటమ్మా, నేను చదివినప్పుడు కందుకూరు ప్రకాశం జిల్లా కదా’ అన్నాడు. నేను 1958లో పుట్టినప్పుడు మాది నెల్లూరు జిల్లానే. 1970లో ఒంగోలు జిల్లా కట్టి మమ్మల్ని అందులో కలిపారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. మేం మాత్రం గుమ్మం దాటలేదు. ఇదంతా జులూలో చెప్పడానికి నాకున్న క్రియలు చాలక ఊరుకున్నాను. ‘ఙ్గాఙ్గిఫుందీస’ ఒక్కటి వచ్చు, అప్పట్లో బడిలో చెప్పేదాన్ని అని. ఫుంద అంటే నేర్చుకో, ఫుందీస అంటే నేర్పించు. మన ‘ఇంచు’ వాళ్ళకు ‘ఇస’.

1860లో మద్రాసు నుంచి చెరకు తోటల్లో కూలికి మనవాళ్ళను ఓడలో డర్బన్ తీసుకెళ్ళారు. 1911 దాకా అలా వెళ్ళినవాళ్ళు లక్షన్నరకు పైనే, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒక ఆదివారం గుళ్ళో ఒక పెద్దామె కలిసింది. ఇంటిపేరు మనదే, మాట అంతా ఇంగ్లీషు. నన్ను చూసి ‘బాగుండారా?’ అంది. అచ్చం మా వీధిలో అన్నట్టు. అంతకుమించి తెలుగు రాదట. కానీ జులూ గలగలా మాట్లాడుతుంది. నా ‘వాహంబ’లో రాగం తప్పిందనీ, నేనన్నట్టు అంటే ‘నువ్వు వెళ్ళావు’ అవుతుందనీ, ‘అతను వెళ్ళాడు’ అనడానికి గొంతు వేరేగా లేవాలనీ దిద్దింది. రెండూ అక్షరాల్లో ఒకటే. ఇక్కడ తెలుగు లిపి కూడా చేతులెత్తేసింది, ఒప్పుకుంటున్నాను. తేడా నాకు ఇప్పటికీ నోట్లో పలకదు.

చివరి నెలలో గోగో మావారి గురించి అడిగింది. చనిపోవడాన్ని వాళ్ళు మర్యాదగా ‘షోన’ అంటారు. సూర్యుడు అస్తమించడానికీ అదే మాట. ఇలంగ లిషోనీలె, పొద్దు గూకింది. మీ పత్రికలో పెద్దవాళ్ళు పోతే ‘అస్తమయం’ అని వేస్తారు కాబట్టి నాకు ఆ మాట అర్థం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ‘ఉషోనీలె’ అన్నాను. ఎప్పుడు అంది. 2021 అన్నాను. అయితే తేదీతో కలిపి చెప్పేటప్పుడు ‘వాషోన’ అనాలని మెల్లగా చెప్పింది. ఊరికే లేరు అని చెప్పడానికి ఉషోనీలె, ఎన్నేళ్ళయినా. ఫలానా ఏడు పోయారు అనడానికి వాషోన. మనం కూడా ‘ఆయన లేరు’ అంటాం, ‘2021లో పోయారు’ అంటాం. తేడా తెలిసింది. ఆమె పలకమంది. ఆ ‘వా’లో దీర్ఘం తీయబోతే నాకు గొంతు పట్టేసింది. ఆమె ఇంక అడగలేదు, పాప గుడ్డలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

అయ్యా, ఇప్పుడు నా మనవి. మన జిల్లాల నుంచి పిల్లలు ఎక్కడెక్కడికో ఉద్యోగాలకు పోతున్నారు, వాళ్ళ వెనక మాబోటి వాళ్ళం పోతున్నాం. ఆ దేశాల భాషలు నేర్పే పుస్తకాలన్నీ ఇంగ్లీషు గుమ్మం మీదుగానే వస్తున్నాయి. ఇంగ్లీషుకు కష్టమైనదల్లా మనకూ కష్టమేననుకుని బట్టీ పడుతున్నాం. తెలుగు నుంచి నేరుగా ఆ భాషల్లోకి పోయే చిన్న పుస్తకాలు కావాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేయగల పని ఇది. మీరు ఆదివారం అనుబంధంలో అర పేజీ ఇచ్చినా చాలు. జులూకు నా నోట్‌బుక్ ఉంది. 140 పేజీలు నిండింది. నేను కొత్తగా నేర్చుకుంటున్నదాన్ని, తప్పులుంటాయి, తెలిసినవాళ్ళు ఒకరు దిద్దాలి. తెలుగు వ్యాకరణం ఎందుకన్న పాఠకుడు గారు కందుకూరు వైపు వస్తే కాఫీ ఇచ్చి చూపిస్తాను.

గోగో ఇప్పటికీ వాట్సాప్‌లో గొంతు పంపుతుంది. అక్కడి టైము మనకన్నా మూడున్నర గంటలు వెనక. నేను రాత్రి ఎనిమిదింటికి కంచం ముందు కూర్చునేసరికి ఆమెకు సాయంత్రం నాలుగున్నర, ఇంటికి బయలుదేరే వేళ. నిన్న పాప గురించి ఏదో చెప్పింది. చివర్లో ఈలె ఉంది, అంటే అయిపోయిన పనే. పాప లేచి నిలబడిందో, కింద పడిందో, పన్ను వచ్చిందో తెలియలేదు. మూడుసార్లు విన్నాను. ‘అఙ్గిజ్వంగ’ అని జవాబు పెట్టాను, వినబడలేదు, అర్థం కాలేదు అని. ఇంకా బదులు రాలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
కందుకూరు